తలుపు దగ్గరి పక్క

తక్ గ్యుసిక్ ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు కిటికీ తెరుస్తాడు. గుమ్మంలో బూట్లు విప్పి, "వచ్చానండీ" అని, పనిముట్ల పెట్టె కింద పెట్టకుండానే వెళ్ళి వంటగది కిటికీ, వెనక వరండా తలుపు బార్లా తీసేస్తాడు. జనవరి నెలలో ఛొరామ్ కొండల మీది గాలి పిలవని చుట్టంలా లోపలికొచ్చి గోడ మీది క్యాలెండరు కాగితాలన్నీ లేపుతుంది. ఇంటివాళ్ళు గోల పెడతారు. "బాయిలర్ బాగుచెయ్యమంటే ఉన్న కాస్త వెచ్చదనమూ పారబోస్తావేమయ్యా!" అంటారు. అతను నవ్వి ఊరుకుంటాడు. విషవాయువును పసిగట్టే చిన్న యంత్రం నడుముకి వేలాడుతూనే ఉంటుంది. అయినా ముక్కు ఎగబీల్చి చూస్తాడు. ఆ వాయువుకి వాసన ఉండదని అతనికి బాగా తెలుసు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా, వాసన లేనిదాన్ని ముక్కుతో వెతకడం మానలేదు.

ముప్పై చలికాలాలుగా అతను ఆ బొగ్గు గనుల ఊళ్ళో, నేల కింది గొట్టాల్లో వేడినీళ్ళు తిప్పి ఇళ్ళు వెచ్చబెట్టే బాయిలర్లు బాగుచేస్తున్నాడు. గనులు మూతపడ్డాయి, ఊరు సగం ఖాళీ అయింది, చలి మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. ఇళ్ళను అతను వాటి జబ్బులతోనే గుర్తుపెట్టుకుంటాడు. వంతెన పక్కన పచ్చగేటు ఇంట్లో మంట అంటుకోకుండా టిక్కుటిక్కుమంటూనే ఉండేది. ఊరెళ్ళేముందు ఆ ఇంటి జాగ్రత్తపరుడెవరో గ్యాసు కుళాయి అడ్డంగా తిప్పి, తిప్పిన సంగతి తనతోపాటే తీసుకుపోయాడు. స్టేషను వెనక మంగలి ఇంట్లో బాయిలరు నీళ్ళు కారే సన్నని గొట్టం కొన ప్రతి ఏడూ గడ్డకడుతుంది. గోరువెచ్చని నీళ్ళు ఓ కెటిలెడు పోస్తే చాలు, మళ్ళీ ప్రాణం వస్తుంది. బడి పంతులు ఇంట్లో ఒక్క గది నేల మాత్రం చల్లగా ఉంటుంది, గొట్టంలో గాలి చేరి. సింకు కిందికి దూరి, ఆ గది కుళాయి వదులు చేస్తే, ఎన్నాళ్ళుగానో బిగబట్టుకున్న ఊపిరి వదిలినట్టు గాలి బుస్సుమంటుంది. ఆ చప్పుడంటే గ్యుసిక్‌కి ఇష్టం. ఇంటివాళ్ళ మొహాలు మరిచిపోతాడు గానీ ఏ ఇంటి గాలి ఎంతసేపు బుస్సుమందో మరిచిపోడు.

ఆ సోమవారం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు అతను బండిలో కూర్చుని చేతులు రుద్దుకుంటున్నాడు.

"అన్నయ్యా, గుట్ట మీద గనివాళ్ళ పాత ఇళ్ళ వరసలో చివరిది. ఒమ్ బున్‌రే అట, పెద్దావిడ" అంది ఫోన్లు ఎత్తే హేరన్. "బాయిలరు నడవడం లేదట. తెర మీద ఫాల్ట్ అంకె ఏమన్నా ఉందా అంటే, 'అంకెలు నాకెందుకమ్మా, కాళ్ళు చల్లగా ఉన్నాయి' అంటోంది."

"కాళ్ళకన్నా మంచి మీటర్ ఏముందిలే" అన్నాడు గ్యుసిక్.

బున్‌రేకి డెబ్భై రెండేళ్ళు. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, ఒకదాని మీద ఒకటి మూడు స్వెట్టర్లు. అతను వస్తాడని ఇల్లంతా అద్దంలా తుడిచి ఉంచింది. గోడ మీద బాయిలర్‌ని నడిపే కంట్రోలర్, దాని కింద చెక్క అర మీద లేసు గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలకుండీ. నేల మాత్రం ఐసులా ఉంది. అతను మేజోళ్ళలోంచే ఆ సంగతి పోల్చుకున్నాడు.

"శుక్రవారం రెండింటికి మా ఆయన్ని తీసుకొస్తారయ్యా, మెకానిక్ బాబూ" అంది ఆమె, అతను కిటికీలు తెరుస్తుంటే స్వెట్టరు గుండీలు పెట్టుకుంటూ. "ఊపిరితిత్తుల ఆసుపత్రిలో ఉంటున్నాడు, ఆరేళ్ళుగా. ఛాతీ నిండా బొగ్గు దుమ్మే. రెండు రాత్రులకి పంపుతామన్నారు. నవంబర్లో ఇలాగే పంపారు. ఇల్లు చల్లగా ఉంది. వచ్చీరాగానే దగ్గు పట్టుకుని సాయంత్రానికల్లా మళ్ళీ అంబులెన్సు. ఈసారీ అలా అయితే ఇక చలికాలంలో పంపేది లేదని డాక్టరు చెప్పేశాడు. చలికాలం అంటే మన ఊళ్ళో ఎన్ని నెలలో తెలుసుగా!"

"ఆరు" అన్నాడు అతను.

"ఏడు" అంది ఆమె.

గ్యుసిక్ మూత విప్పాడు. మంట చూశాడు, పంపు చూశాడు, నీటి ఒత్తిడి చూశాడు, పొగగొట్టం అతుకుల మీద అరచెయ్యి పెట్టి చూశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అతను చూస్తుండగానే బాయిలరు గర్రుమని అందుకుంది. గంటన్నర ఉండి, నేల గోరువెచ్చబడ్డాక వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే హేరన్ ఫోన్.

"అన్నయ్యా, నీ గుట్ట మీది పెద్దమ్మ. మళ్ళీ కాళ్ళు చల్లగా ఉన్నాయట."

బుధవారం మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ కిటికీలు తెరిచాడు. మళ్ళీ అద్దంలాంటి ఇల్లు, లేసు గుడ్డ, పూలకుండీ. బాయిలరు బుద్ధిమంతుడైన పిల్లాడిలా ముచ్చటగా మండింది. గ్యుసిక్ గొట్టాల్లో గాలి తీశాడు, జల్లెడ విప్పి తుప్పు కడిగాడు, నీటి వేడిని కొలిచే సెన్సర్ కొత్తది వేశాడు. వెళ్ళేటప్పుడు బున్‌రే బాయిలర్ కేసి వేలు చూపించింది.

"నువ్వుంటే బాగా నటిస్తోందయ్యా ఇది. మా ఆయన తమ్ముడు కూడా ఇంతే, పెద్దల ముందు వినయం, చాటున వేషాలు."

గురువారం మళ్ళీ చల్లబడింది.

గురువారం సాయంత్రం గ్యుసిక్ తన ఇంట్లో కోటు విప్పకుండానే కూర్చుని నూడుల్స్ తిన్నాడు. మూడో అంతస్తులో రెండు గదులు. అతని గోడ మీది కంట్రోలర్ మీద 'బయటికి వెళ్ళాం' అన్న దీపం వెలుగుతూ ఉంటుంది. ఊరెళ్ళినప్పుడు గొట్టాలు గడ్డకట్టకుండా ఇంటిని బొటాబొటి వేడితో ఉంచడానికి పెట్టిన మీట అది. అతను దాన్ని నొక్కి తొమ్మిదేళ్ళయింది. భార్య వెళ్ళిపోయిన సంవత్సరమే నొక్కాడు. "నీతో కాపురం చెయ్యాలంటే కోటు వేసుకుని పడుకోవాలి" అంది ఆమె వెళ్ళేటప్పుడు. కోపంగా కూడా అనలేదు. రాత్రంతా కిటికీ వేలెడంత తెరిచి ఉంచే మొగుడితో పదకొండు చలికాలాలు వేగింది, అది చాలా ఎక్కువ. అప్పటినుంచీ బాయిలరు లెక్కలో ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఉన్నవాడు తలుపు పక్కన పరుపు పరుచుకుని నిద్రపోతాడు.

తలుపు పక్కన పడుకోవడం మాత్రం అంతకు చాలా ముందునుంచే ఉంది.

అతనికి పన్నెండేళ్ళప్పుడు ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ బొగ్గు దిమ్మల పొయ్యి వేడితోనే నడిచేవి. పొయ్యి వేడి నేల కిందుగా పాకుతూ వచ్చేది. పొయ్యి వైపు నేల కాలేంత వెచ్చగా, తలుపు వైపు చల్లగా ఉండేది. వెచ్చటి చోటు ఇంట్లో పెద్దవాళ్ళది, లేకపోతే పసివాళ్ళది. ఆ రాత్రి ఆ చోటు కోసం చెల్లెలు దల్‌లేతో పోట్లాడి ఆమె జుట్టు పీకాడు. అమ్మ వీపు మీద ఒక్కటి చరిచి, "పోయి తలుపు దగ్గర పడుకో" అంది. తలుపుకి అతికించిన కాగితంలో అతని కళ్ళ ఎత్తులో ఓ చిల్లు ఉండేది. అంతకు ముందు వారం అతనే వేలితో పొడిచాడు, దానికీ దెబ్బలు తిన్నాడు. రాత్రంతా ఆ చిల్లులోంచి సూదిలాంటి గాలి అతని మొహం మీద పడుతూనే ఉంది. వాసన లేని ఆ వాయువుకి దారిచ్చిన జుట్టంత పగులు నేల మట్టిలో పొయ్యి వైపే ఉంది. తెల్లారి గని షిఫ్టు దిగొచ్చిన నాన్న ముగ్గురినీ వాకిట్లో మంచు మీదకి ఈడ్చాడు. పొరుగు ఆడవాళ్ళు ఊరబెట్టిన ముల్లంగి కుండలోంచి చల్లటి నీళ్ళు తెచ్చి ముగ్గురి నోళ్ళలోనూ పోశారు. అప్పట్లో తెలిసిన మందు అదొక్కటే. ఒక్క నోరు మాత్రం మింగింది.

నాన్న ఆ తరువాత ఆ మాట ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు. తొంభైల్లో గ్యాసు బాయిలర్లు వచ్చి, పొయ్యిలు తవ్వి పారేసే పనికి మనుషులు కావలసి వస్తే, అందరికన్నా ముందు పార పట్టుకుని వెళ్ళినవాడు గ్యుసిక్. ఆ ఊళ్ళో కనీసం రెండు వందల పొయ్యిలు అతని చేతులతోనే పూడ్చాడు.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి గుట్ట ఎక్కాడు. బండి చక్రాలు రెండుసార్లు జారాయి. తలుపు తీసిన బున్‌రే తలకి కొత్తగా రంగు వేసుకుంది. చెవి అంచున కాస్త నలుపు అంటుకుని ఉంది.

"వచ్చావా నాయనా. ఇంకా అయిదున్నర గంటలుంది" అంది. ఆ మాటతోపాటు నోట్లోంచి ఆవిరి వచ్చింది.

కిటికీలు తెరిచాడు. బాయిలరు మండింది. అతనికి మొదటిసారి ఆ మంట మీద కోపం వచ్చింది. వెనక వరండాలో ముక్కాలి పీట మీద కూర్చుని దాన్ని రెప్ప వెయ్యకుండా చూశాడు. పాడైన బాయిలర్‌ని బాగుచెయ్యడం అతనికి తెలుసు. బాగున్నదాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు. లోపలి సర్క్యూట్ బోర్డు మార్చడమొక్కటే మిగిలింది. హేరన్‌ని అడిగితే, ఆ పాత రకం బోర్డు సోమవారానికి గానీ రాదంది.

"సోమవారానికి ఎవరికి కావాలి!" అన్నాడు గొంతు పెంచి. తనెప్పుడూ అలా మాట్లాడడు.

"నా మీద అరిస్తే బోర్డు రెక్కలు కట్టుకుని వస్తుందా అన్నయ్యా" అంది ఆమె, నొచ్చుకోకుండానే. "టిఫిన్ తిన్నావా?"

అంతలో లోపల బున్‌రే ఫోన్ మోగింది. ఆమె చెవుడు కొద్దీ పెద్దగా మాట్లాడుతుంది, అవతలివాళ్ళని కూడా పెద్దగా మాట్లాడిస్తుంది. ఆసుపత్రి నర్సు.

"ఇల్లు వెచ్చగా ఉందా అవ్వా? పన్నెండులోపల చెప్పాలి, బండి బయలుదేరాలి."

"మెకానిక్ వచ్చాడు తల్లీ, చూస్తున్నాడు."

"గోడ మీద డిగ్రీల అంకె ఎంతుందో చదివి చెప్పు చాలు."

"అంకె మాట నమ్మకు పిల్లా. నవంబర్లో నువ్వడిగితే చదివి చెప్పలేదూ, ఇరవై ఆరని? భేష్ అన్నావు. నువ్వు ఇరవై ఆరుకి మురిసిపోయావు, ఆయన దగ్గుకి మెలికలు తిరిగిపోయాడు. అంకెలు అబద్ధమాడతాయి. నేను పాదాలు పెట్టి చూసి చెప్తాను, ఉండు."

గ్యుసిక్ పీట మీంచి లేచాడు. ఆమె ఫోన్ పెట్టేసేదాకా తలుపులో నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నవంబర్లో ఇరవై ఆరు చూపించిందా?"

"చూపించింది."

"ఇల్లు చల్లగా ఉన్నప్పుడే?"

"చల్లగా ఏమిటి, చేపలు దాచుకోవచ్చు. దుప్పటి ఎత్తి మరీ చూశాను, ఇరవై ఆరు."

"ఏ దుప్పటి?"

బున్‌రే మొహం ఎర్రబడింది. "ఏదో దుప్పటి. పాతది. నీకెందుకు?"

"పెద్దమ్మా, నేను రాకముందు ఇక్కడ ఏముంటుంది? ఈ పూలకుండీ చోట?"

ఆమె తప్పించుకోచూసింది. దిగువ వీధి ఆవిడ వచ్చినా బయటికి తియ్యనంది, మెకానిక్ ముందు ఎందుకు తీస్తానంది, డెబ్భై దాటిన మనిషి ఇంట్లో ఏవో ఉంటాయంది. చివరికి పక్కగదిలోంచి రెండు చేతులతో ఎత్తుకుని తెచ్చింది: కరెంటు అన్నం కుక్కరు, దాని చుట్టూ రంగు వెలిసిన గులాబి పూల దుప్పటి.

"పొద్దున్నే ఇద్దరికీ వండుతాను" అంది అతని కళ్ళలోకి చూడకుండా. "ఆయన వాటా ఇందులో రాత్రిదాకా వెచ్చగా ఉంటుంది. ఇంట్లో లేని మనిషికి గిన్నెడు అన్నం తీసి పెడితే ఎక్కడున్నా ఆకలితో ఉండడని మా అమ్మ అనేది. ఆవిడ కంచుగిన్నెని దుప్పట్లో చుట్టి వెచ్చటి చోట పెట్టేది. దీనికి దుప్పటి అక్కర్లేదని నాకూ తెలుసు. చెయ్యి ఊరుకోదు. రాత్రి నేనే తినేస్తాను. ఆరేళ్ళు రెండు వాటాలు తింటే ఇదిగో, ఇలా తయారయ్యాను." పొట్ట మీద కొట్టుకుంది.

"ఎప్పటినుంచి ఇక్కడ పెడుతున్నారు?"

"అక్టోబరు నుంచి. అంతకు ముందు అదిగో, ఆ మూల ఉండేది. ఆయన వస్తే ఆక్సిజన్ మిషను పెట్టాలి కదా, ఆ ప్లగ్గు దగ్గర చోటు ఖాళీ చేశాను."

గ్యుసిక్ పూలకుండీ ఎత్తి పక్కన పెట్టాడు. తరువాత, "ఎప్పుడూ ఎలా పెడతారో అలాగే పెట్టండి" అన్నాడు.

ఆమె లేసు గుడ్డ తీసింది. కుక్కర్ని అర మీద పెట్టి తీగ ప్లగ్గులో గుచ్చింది. దుప్పటి చుట్టూ తిప్పి, పసిబిడ్డకి కప్పినట్టు అంచులు లోపలికి దోపి, మిగిలిన కొసని గోడకున్న మేకుకి తగిలించింది. కంట్రోలర్ కనబడకుండా పోయింది. ఇంటి వేడిని కొలిచి బాయిలర్‌కి కబురు చెప్పే ఆ చిన్న పెట్టె, అన్నంతోపాటు దుప్పట్లో పడుకుంది.

అతను వెళ్ళి కిటికీ మూశాడు. వరండా తలుపు మూశాడు. పరాయి ఇంట్లో మూసిన తలుపుల మధ్య కూర్చోవడం అతనికి కొత్త. నడుముకున్న యంత్రం తీసి ఎదురుగా నేల మీద పెట్టుకున్నాడు. దాని తెర మీద సున్నా. ఇద్దరూ గోడ ముందు చలిలో పక్కపక్కన కూర్చున్నారు. కాసేపటికోసారి అతను దుప్పటి అంచు ఎత్తేవాడు. పదిహేడు. పంతొమ్మిది. ఇరవై రెండు, పెట్టిన వేడి అదే. ఇరవై మూడు అనేసరికి వెనక వరండాలో గర్జన తగ్గింది, గొణిగింది, ఆగిపోయింది. అంకె ఎక్కుతూనే పోయింది. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే దుప్పట్లో కుక్కరు మూత చిన్నగా ఊపిరి తీయడం వినబడింది.

"ఇదా?" అంది బున్‌రే.

"ఇదే. గోడమీది పెట్టె వెచ్చగా ఉంది కాబట్టి ఇల్లంతా వెచ్చగా ఉందనుకుంది."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు. కొంగలాంటి చప్పుడొకటి వచ్చింది. "అంటే ఆయనని నేనే చలిలో పడుకోబెట్టానా? ఆయన అన్నం వెచ్చగా ఉంచడానికి!"

"మీరొక్కరే కాదు పెద్దమ్మా. నేనూ" అన్నాడు. అతనికి అంతకు ముందు నిమిషమే అర్థమైంది. "వచ్చినప్పుడల్లా మీరు దీన్ని దాచారు, నేను కిటికీ తెరిచాను. చల్లగాలి కంట్రోలర్ మీద పడేది. బాయిలరు మండేది. బాగానే ఉందని వెళ్ళిపోయేవాణ్ణి. మొదటిరోజే కిటికీలు మూసి కాసేపు కూర్చుని ఉంటే మీకు నాలుగు రోజుల చలి తప్పేది."

"ఎందుకయ్యా అలా తెరుస్తావు? మొన్ననే అడుగుదామనుకున్నా."

ఎవరడిగినా చెప్పడానికి అతని దగ్గర మాటలు సిద్ధంగా ఉంటాయి: జాగ్రత్తకి, రూలు, ఆఫీసు చెప్పింది. ఆ పొద్దున్న అవేవీ నోటికి రాలేదు. "చిన్నప్పుడు మా ఇంట్లో బొగ్గు పొయ్యి ఉండేది" అన్నాడు.

బున్‌రే ఆ ఊళ్ళోనే పుట్టింది. ఆ ఒక్క మాట చాలింది. "ఎవరెవరు?" అని మాత్రం అడిగింది.

"అమ్మ. చెల్లెలు."

ఆమె తల ఊపింది. లేచి కుక్కర్ని తీసి సింకు పక్క కుర్చీ మీదకి మార్చింది. దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది. గోడ మీద అంకె మెల్లగా దిగడం మొదలెట్టింది. ఇరవై ఒకటి దాటగానే వెనక వరండాలో మంట అందుకుంది.

తొమ్మిదీ నలభై అయింది. చల్లబడ్డ సిమెంటు నేల వేడెక్కడానికి రెండు గంటలు పడుతుంది. మంట మళ్ళీ ఆగదని తేలేదాకా వెళ్ళనన్నాడు గ్యుసిక్. "అయితే భోంచెయ్యి" అంది ఆమె. "నిన్నటి ఆయన వాటా ఉండిపోయింది, దిగులుతో తినలేదు నేను." బల్ల తెచ్చి పరిచింది: ఎండు ముల్లంగాకు పులుసు, ఉడికించి సోయా రసంలో వేసిన ఆలుగడ్డలు, కిమ్చి అనే క్యాబేజీ ఊరగాయ, ఊరబెట్టిన ముల్లంగి చల్లటి నీళ్ళు చిన్న గిన్నెలో. అన్నం అంచున కొంచెం పచ్చబడి, గట్టిగా ఉంది. మరో మనిషి కోసం ఒక పగలూ ఒక రాత్రీ ఆగిన అన్నం. అతను గింజ మిగల్చకుండా తిన్నాడు. ముల్లంగి నీళ్ళ గిన్నె మాత్రం ముట్టలేదు. ఆమె చూసింది, ఏమీ అడగకుండా దాన్ని తీసి లోపల పెట్టేసింది.

"అక్కడెందుకు కూర్చున్నావు గుమ్మంలో, చెప్పులకి కాపలాలాగా" అంది కాసేపాగి. "ఇలా లోపలికి రా. గొట్టం ముందు ఎక్కడ వెచ్చబడుతుందో నీకు తెలియాలి కదా."

అతనికి తెలుసు. సింకు కింద నుంచి మొదటి గొట్టం గోడ వెంబడే లోపలి గదిలోకి వెళ్తుంది. ఆ గోడ పక్కన ఆమె మొగుడి పరుపు, ఉతికి ఎండేసిన దుప్పటి, ఆక్సిజన్ మిషను కోసం ఖాళీ చేసిన చోటు.

"పడుకుని చూడు" అంది ఆమె. "నా పాదాలు మొద్దుబారాయి, వీటి సాక్ష్యం చెల్లదు. ఆయన వీపుకి ఎలా ఉంటుందో నీ వీపుతో చూసి చెప్పు. నర్సుకి చెప్పాలి."

"అక్కర్లేదు పెద్దమ్మా, చెయ్యి పెడితే చాలు."

"ఆయన చేతుల మీద పడుకోడు."

గ్యుసిక్ పరుపుని పక్కకి జరిపి, గోడవార ఉత్త నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. నేల కింద నీళ్ళు నడుస్తున్న చప్పుడు, ఎక్కడో దూరాన ఎవరో మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు. ముందు నడుముకి తెలిసింది, తరువాత భుజాలకి. మంచు కరిగే చోట మట్టి మెత్తబడ్డట్టు వీపు మెత్తబడింది. వెచ్చటి వైపు ఇలా ఉంటుందని అతని ఒళ్ళు మరిచిపోయింది. దల్‌లే దీని కోసమే పోట్లాడింది. తనూ దీని కోసమే ఆమె జుట్టు పీకాడు. పైకప్పు కేసి చూశాడు. ఇన్నేళ్ళుగా ఊరందరి నేలలూ వెచ్చబెట్టినవాడి వీపు అది. కళ్ళ పక్కనుంచి చెవుల్లోకి ఏదో కారింది. చెయ్యెత్తి తుడుచుకోలేదు. వంటగదిలో బున్‌రే గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ కడిగింది.

పదకొండున్నరకి ఆమె నర్సుకి ఫోన్ చేసింది. "అంకె ఇరవై రెండు. అంకె సంగతి వదిలెయ్, మెకానిక్ వీపు కూడా సరేనంది. పంపించండి మా ముసలాణ్ణి."

అతను ఆసుపత్రి బండి వచ్చేదాకా ఉండలేదు. గుట్ట దిగుతుంటే మలుపులో ఎదురైంది, దారి ఇచ్చి పక్కకి ఆపాడు. అద్దం వెనక ముక్కుకి గొట్టాలతో ఒక సన్నటి మొహం కనబడి దాటిపోయింది. కిందికి వెళ్ళాక, బండి ఆపి వెనక్కి చూశాడు. గుట్ట మీది వరసలో చివరి ఇంటి పొగగొట్టం నుంచి తెల్లటి ఆవిరి లేచి, గాలికి వంగి, కలిసిపోతోంది. ఆ వరసలో ఆవిరి వచ్చేది ఆ ఒక్క ఇంటికే. మిగతావన్నీ ఖాళీవి.

సాయంత్రం ఆరింటికి అతను ఇల్లు చేరాక ఫోన్ మోగింది. ఆఫీసు నంబరు కాదు, గుట్ట మీది ఇంటిది.

"పెద్దమ్మా, ఏం పాడైంది?"

"ఏం పాడవలేదు."

గ్యుసిక్ ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళలో అతనికి వచ్చిన ఏ ఫోనూ అలా మొదలవలేదు.

"వచ్చాడు. దగ్గలేదు. అన్నం తిన్నాడు" అంది ఆమె. "వచ్చీరాగానే 'కుక్కరేదీ' అని అడిగాడు చూడు, 'ఎలా ఉన్నావు' అని కాదు. ఇప్పుడు పడుకున్నాడు. గురక. ఈ గురక ఇంత బాగుంటుందని నాకు గుర్తులేదయ్యా."

"మంచిది పెద్దమ్మా. మళ్ళీ ఏమైనా ఫాల్ట్ వస్తే…"

"ఆదివారం తీసుకుపోతారు" అని అడ్డు వచ్చింది ఆమె. "సోమవారం నేను మళ్ళీ ఇద్దరికీ వండుతాను. చెయ్యి ఊరుకోదని చెప్పాగా. నాకిక రెండు వాటాలు తినే ఓపిక లేదు. రా."

"సోమవారం నాకు పనులు…"

"అన్నం పాడవుతుంది. అది ఫాల్ట్ కాదా? ఆఫీసులో ఆ పిల్లకి ఫోన్ చేసి రాయించమంటావా?"

అతను నవ్వాడు. నవ్వు ఖాళీ గదిలో కాస్త పెద్దగా వినబడింది.

ఫోన్ పెట్టేశాక కోటు గుండీలు విప్పాడు. గోడ దగ్గరికి వెళ్ళి 'బయటికి వెళ్ళాం' మీట నొక్కి దీపం ఆర్పాడు. వెనక బాయిలరు టిక్కుమంది, మళ్ళీ టిక్కుమంది. తొమ్మిదేళ్ళుగా ఎవరూ గట్టిగా పని చెప్పని యంత్రం. మూడోసారికి మంట అంటుకుంది. అతను వెళ్ళి కిటికీ సరిచూశాడు, వేలెడంత తెరిచే ఉంచాడు. తరువాత తలుపు పక్కన తన పరుపు మీద కూర్చుని, పక్కనే ఉత్త నేల మీద అరచెయ్యి ఆనించాడు. ఇంకా చల్లగానే ఉంది. రెండు గంటలు పడుతుంది.